ఫిబ్రవరిలో ఒక్క ట్రేడ్ చేస్తే డల్లాస్ మావెరిక్స్‌కి కప్పు వస్తుందా?

2025-26 సీజన్‌లో మీరు అడిగింది ఇది: డల్లాస్ పక్క ఫ్రిస్కోకి మారి ఏడాదైంది, ఆఫీసులో లంచ్ టైమ్‌లో ఎప్పుడూ ఇక్కడి ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ టీమ్ మావెరిక్స్ గోలే, "ఆంథనీ డేవిస్ ఉన్నాడు, కూపర్ ఫ్లాగ్ వచ్చాడు, ఫిబ్రవరిలో ఒక్క మంచి ట్రేడ్ పడితే టైటిల్ మనదే" అంటున్నారు. అది నిజమేనా? అసలు ఒక ట్రేడ్ (టీముల మధ్య ఆటగాళ్ల మార్పిడి) వార్త వస్తే అది మంచిదో చెత్తదో మామూలు మనిషి ఎలా తేల్చుకోవాలి?

2025-26 సీజన్‌కైతే రాదనే నా మాట. 2025 నవంబర్ నాటికి 3 గెలిచి 8 ఓడి, ఆ వెంటనే జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ని ఇంటికి పంపిన టీమ్ ఇది. ఫిబ్రవరి ట్రేడ్‌తో కప్పు కొట్టిన టీములు లేకపోలేదు. కానీ అవన్నీ వంట దాదాపు అయిపోయి, ఉప్పు మాత్రం చాలని ఇళ్లు. బియ్యమే కడగని ఇంట్లోకి ఉప్పు తెస్తే ఏం లాభం?

నా సంగతి రెండు ముక్కల్లో. విజయవాడలో కాలేజీ రోజుల్లో జిల్లా స్థాయిలో బాస్కెట్‌బాల్ ఆడాను. 2006లో డల్లాస్ వచ్చాను. వచ్చిన కొన్నాళ్లకే మావెరిక్స్ ఫైనల్స్‌లో మయామీ మీద 2-0తో ముందుండి, వరుసగా నాలుగు ఓడిపోయారు. అప్పుడు పట్టుకున్న జబ్బు ఇంకా తగ్గలేదు. ఇప్పుడు శనివారాలు పిల్లల లీగ్‌లో విజిల్ ఊదుతాను, మిగతా రోజులు ఈ టీమ్ జీతాల పట్టిక చూస్తూ కూర్చుంటాను. మా ఆవిడ ఇంటి బడ్జెట్ మీద కూడా ఇంత శ్రద్ధ పెట్టమంటుంది.

ఐపీఎల్ చూసి పెరిగిన మనకి ఇక్కడ మొదట తికమక పెట్టేది ఒకటుంది. అక్కడ వేలంలో డబ్బు పెట్టి ఆటగాణ్ని కొంటారు, టోర్నీ మొదలయ్యాక దాదాపు ఆ జట్టుతోనే చివరిదాకా లాగుతారు. ఎన్‌బీఏలో ఓనర్ దగ్గర ఎంత డబ్బున్నా ఇంకో టీమ్ ఆటగాణ్ని నేరుగా కొనుక్కోలేడు. మనిషికి మనిషిని ఇవ్వాలి, లేదా రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్ పిక్ (లీగ్‌లోకి వచ్చే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతు) ఇవ్వాలి. పైగా శాలరీ క్యాప్ (టీమ్ మొత్తం జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి) దాటిన టీమ్ అయితే వచ్చేవాడి జీతానికి పోయేవాళ్ల జీతాలు దాదాపు సరితూగాలి. అందుకే "ఫలానా స్టార్‌ని తెచ్చుకుందాం" అని ఎవరన్నా అంటే నేను వెంటనే అడిగేది "సరే, ఎవరిని ఇస్తావు?" అని. అక్కడితో సగం చర్చలు ఆగిపోతాయి.

2023లో వచ్చిన కొత్త ఒప్పందం దీన్ని ఇంకా బిగించింది. 2025-26 సీజన్‌లో క్యాప్ సుమారు 15.46 కోట్ల డాలర్లు. దానిపైన ఏప్రన్ అని రెండు గీతలు గీశారు. ఒకటి 19.59 కోట్ల దగ్గర, రెండోది 20.78 కోట్ల దగ్గర. మొదటి గీత దాటితే పంపిన జీతం కంటే ఒక్క డాలర్ కూడా ఎక్కువ తెచ్చుకోకూడదు. రెండోది దాటితే ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ని తెచ్చుకునే దారి కూడా మూసేస్తారు. చిన్న జీతాల వాళ్లను నలుగురిని మూటగట్టి పంపి స్టార్‌ని దించడం అనే పాత చిట్కా పెద్ద టీముల్లో చాలావరకు పోయింది.

పిక్స్‌కీ ఒక కట్టడి ఉంది. రాబోయే ఏళ్లలో వరుసగా రెండేళ్లు మొదటి రౌండ్ పిక్ లేకుండా చేసుకోకూడదు. దీన్ని స్టెపియన్ రూల్ అంటారు. టెడ్ స్టెపియన్ అని 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ ఓనర్, పిక్స్‌ని పప్పుబెల్లాల్లా పంచేశాడు. అలా పంచినవాటిలో లాభపడింది ఎవరనుకున్నారు? అప్పుడే పుట్టిన మన మావెరిక్సే. 1984లో జోర్డాన్ వెనకే నాలుగో స్థానంలో శామ్ పెర్కిన్స్‌ని తీసుకున్నది క్లీవ్‌లాండ్ ఇచ్చిన పిక్‌తోనే. ఇప్పుడు అదే డల్లాస్ తన పిక్స్ పంచేసి కూర్చుంది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఇక అసలు ప్రశ్న. సీజన్ మధ్యలో ట్రేడ్ చేసి కప్పు కొట్టిందెవరు? 1995లో హ్యూస్టన్, పోర్ట్‌లాండ్ నుంచి క్లైడ్ డ్రెక్స్‌లర్‌ని తెచ్చుకుని ఆరో సీడ్‌గా (ప్లేఆఫ్స్‌లోకి ఆరో ర్యాంకుతో వచ్చి) టైటిల్ గెలిచింది. బయటికి అద్భుతంలా కనిపిస్తుంది కానీ వాళ్లు అప్పటికే ముందు ఏడాది చాంపియన్లు. 2004లో డెట్రాయిట్ రషీద్ వాలెస్‌ని పట్టింది. ఆయన పోర్ట్‌లాండ్ నుంచి అట్లాంటాకి వెళ్లి అక్కడ ఒకే ఒక్క మ్యాచ్ ఆడి డెట్రాయిట్ చేరాడు, షాకీల్ ఓనీల్, కోబీ ఉన్న లేకర్స్‌ని 4-1తో ఓడించాడు. ఆ డెట్రాయిట్ ముందు ఏడాదే తూర్పు కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లిన టీమ్, డిఫెన్స్ గోడలా ఉండేది, పొడగరి ఒక్కడు తక్కువయ్యాడు. 2019లో టొరాంటో మార్క్ గసోల్‌ని తెచ్చేనాటికి వాళ్ల దగ్గర కవై లెనర్డ్ ఉన్నాడు. మూడింట్లోనూ కథ ఒకటే: గొప్ప టీమ్‌లో తెలిసిన ఒక బొక్క, దాన్ని పూడ్చే ఒక మనిషి.

మన డల్లాస్ కథ అంత సూటిగా ఉండదు, అందుకే నాకు ఇష్టం.

2008 ఫిబ్రవరి. 67 మ్యాచ్‌లు గెలిచి మొదటి రౌండ్‌లోనే ఎనిమిదో సీడ్ గోల్డెన్ స్టేట్ చేతిలో ఓడిన అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. అప్పటి ఓనర్ మార్క్ క్యూబన్ న్యూజెర్సీ నుంచి జేసన్ కిడ్‌ని తేవాలనుకున్నాడు. అంతా అయిపోయిందన్నాక డెవీన్ జార్జ్ అనే బెంచ్ ఆటగాడు "నేను వెళ్లను" అన్నాడు. అతని కాంట్రాక్ట్ తీరు వల్ల ట్రేడ్‌ని ఆపే హక్కు అతనికి ఉంది. మొత్తం డీల్ ఆగిపోయింది. మళ్లీ లెక్కలు వేశారు, జీతాలు సరితూగలేదు. అప్పుడు చేసిన పని చూడండి. కీత్ వాన్ హార్న్ అని, 2006 తర్వాత ఆడటమే మానేసి ఇంట్లో ఉన్నాయన. ఆయన్ని పిలిచి, కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టించి, ఆ జీతాన్ని తూకపు రాయిలా తక్కెడలో వేసి న్యూజెర్సీకి పంపారు. 40 లక్షల డాలర్లకు పైనే. అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ట్రేడ్ అంటే ఆట మాత్రమే కాదు, సంత బేరం కూడా అని నాకు ఆ వారంలోనే తెలిసింది.

పోయిందెవరు? 24 ఏళ్ల డెవిన్ హారిస్, మరుసటి ఏడాదే ఆల్ స్టార్ అయ్యాడు. దానిమీద రెండు మొదటి రౌండ్ పిక్స్. వచ్చిందెవరు? 35కి దగ్గర పడుతున్న కిడ్. ఆ ఏడాది మొదటి రౌండ్‌లోనే న్యూ ఓర్లీన్స్ చేతిలో 4-1, కోచ్ ఉద్యోగం పోయింది. 2009లో రెండో రౌండ్‌లో డెన్వర్. 2010లో మళ్లీ మొదటి రౌండ్‌లో శాన్ ఆంటోనియో. మా అపార్ట్‌మెంట్‌లో అందరం ఆ ట్రేడ్‌ని తిట్టనిరోజు లేదు, నేనూ తిట్టాను. 2011 జూన్ 12న మయామీలో కప్పు ఎత్తినప్పుడు 38 ఏళ్ల కిడ్ ఆ టీమ్‌ని నడిపిస్తున్నాడు. అంటే ఫిబ్రవరి ట్రేడ్ పనిచేసింది, మూడేళ్లు ఆలస్యంగా!

అదొక్కటే కాదు. 2010 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నుంచి కారన్ బట్లర్, బ్రెండన్ హేవుడ్, డెషాన్ స్టీవెన్సన్‌లను తెచ్చారు. అందులో పెద్ద పేరు బట్లర్‌ది, మిగతా ఇద్దరూ జీతాల సర్దుబాటు కోసం వచ్చారనుకున్నాం. 2011 కొత్త సంవత్సరం రోజునే బట్లర్ మోకాలు పోయింది, టైటిల్ పోరులో ఆడనేలేదు. లెబ్రాన్‌ని అడ్డుకుంటూ, మూలల్లోంచి త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేసింది ఆ "సర్దుబాటు" స్టీవెన్సన్. ఆ టీమ్‌కి అసలు వెన్నెముక టైసన్ చాండ్లర్, అతను వచ్చింది ఎండాకాలంలో, ఫిబ్రవరిలో ట్రేడ్లకి పెట్టే గడువు, అంటే డెడ్‌లైన్‌కి ఏ సంబంధమూ లేకుండా. జనవరిలో ఎవరికీ పట్టని పేజా స్టోయకోవిచ్‌ని తెచ్చుకుంటే, లేకర్స్‌ని 4-0తో పంపేసిన ఆఖరి మ్యాచ్‌లో ఆరుకి ఆరు త్రీలు వేశాడు.

ఇప్పుడు దీనికి సరిగ్గా తిరగేసిన కథ. 2014 డిసెంబర్‌లో మావెరిక్స్ దాడి లీగ్ మొత్తంలో నంబర్ వన్. బంతి చేతులు మారుతూ సంగీతంలా సాగేది. రజాన్ రాండో దొరుకుతాడనగానే ఎగిరి గంతేశారు. బోస్టన్‌కి బ్రాండన్ రైట్, జే క్రౌడర్, జమీర్ నెల్సన్, పైన పిక్స్ ఇచ్చారు. రాండో పేరున్నవాడే, బోస్టన్‌తో 2008లో చాంపియన్. కానీ అతనికి బంతి చేతిలో ఉండాలి, దూరం నుంచి షాట్ లేదు. డిఫెండర్ అతన్ని వదిలేసి లోపల కాపలా కాస్తే మన పెద్ద స్టార్ డిర్క్ నొవిట్స్కీకి జాగా ఏది? ఫిబ్రవరిలో కోచ్ రిక్ కార్లైల్‌తో కోర్టు పక్కనే గొడవపడి ఒక మ్యాచ్ సస్పెన్షన్. ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్‌తో రెండో మ్యాచ్ తర్వాత ఇక కనబడలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు.

నేను పిల్లల లీగ్‌లో కూడా ఇదే చూస్తాను. బంతి చక్కగా తిరుగుతున్న టీమ్‌లోకి బాగా డ్రిబుల్ చేసేవాడొకడు వస్తాడు. మిగతా నలుగురూ నిలబడి చూడటం మొదలుపెడతారు. వాడు చెడ్డ ఆటగాడు కాదు, అక్కడ అతకలేదంతే.

2022లో పోర్జింగిస్‌ని వాషింగ్టన్‌కి ఇచ్చి డిన్విడీ, బెర్టాన్స్‌లను తెస్తే "స్టార్‌ని ఇచ్చి చిల్లర తెచ్చారు" అని నవ్వారు. ఆ మే నెలలో ఫీనిక్స్‌లో ఏడో మ్యాచ్, హాఫ్ టైమ్‌కి స్కోరు 57-27. మన స్టార్ లూకా డాంచిచ్ ఒక్కడివే 27, ఫీనిక్స్ టీమ్ మొత్తానిదీ 27. డిన్విడీ ఆ రాత్రి 30 వేశాడు. మరుసటి ఏడాది కైరీ అర్వింగ్ వచ్చాడు, పేరు చూస్తే పండగే, ఫలితం 38 గెలుపులు, 44 ఓటములు, ప్లేఆఫ్స్‌లో ఆఖరి చోట్ల కోసం ఆడే ప్లే-ఇన్ కూడా లేదు.

అందుకే నాకు అన్నిటికంటే నచ్చిన డెడ్‌లైన్ 2024 ఫిబ్రవరి 8. ఆరోజు మధ్యాహ్నం మా ఆఫీసులో వచ్చిన పేర్లు చూసి ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. డేనియల్ గాఫర్డ్, పీజే వాషింగ్టన్. ఓడిపోయే టీముల్లో ఆడుతున్న ఇద్దరు. కానీ లూకా, కైరీ ఉన్న టీమ్‌కి పాయింట్లు వేసేవాళ్లు అక్కర్లేదు. లోపల ఎగిరి డంక్ చేసేవాడు, బయట నలుగురిని కాపలా కాయగల పొడుగు చేతుల వాడు కావాలి. గాఫర్డ్ మార్చిలో వరుసగా 33 షాట్లు గురి తప్పకుండా వేశాడు. విల్ట్ చాంబర్లెయిన్ పాత రికార్డు 35. లూకా అంత శుభ్రంగా బుట్ట దగ్గరికి లాబ్ (ఎత్తు పాస్) వేస్తే తప్పడానికేముంది అనుకోండి, అయినా 33 అంటే మాటలా! ఇక ఓక్లహోమా సిటీతో ఆరో మ్యాచ్. ఒక్క పాయింట్ వెనక ఉన్నాం, ఇంకా 2.5 సెకన్లు. మూలలో త్రీ వేయబోతున్న వాషింగ్టన్‌ని షే గిల్జస్ అలెగ్జాండర్ తగిలాడు, మూడు ఫ్రీ త్రోలు. మొదటిది పడింది. రెండోది పడింది. 117-116. మూడోది పడకపోయినా పట్టించుకున్నవాడు లేడు. ఐదో సీడ్‌గా ఫైనల్స్ దాకా వెళ్లి బోస్టన్ చేతిలో 4-1తో ఓడాం. ఆ బోస్టన్ తరఫున మొదటి మ్యాచ్‌లో బెంచ్ మీంచి వచ్చి 20 వేసింది మనం వదులుకున్న పోర్జింగిసే.

ఆ టీమ్‌ని అలాగే ఉంచుకుని ఉంటే ఇవాళ మీ ఆఫీసువాళ్ల మాటకి నేనూ తలూపేవాణ్ని. 2025 ఫిబ్రవరి మొదటి శనివారం రాత్రి, పదకొండు దాటాక, ఫోన్‌లో వార్త. లూకాని లేకర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా ఆంథనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 పిక్ ఒకటి. రిపోర్టర్ అకౌంట్‌ని ఎవరో హ్యాక్ చేశారనుకున్నాను. మర్నాడు ఎరీనా బయట అభిమానులు శవపేటిక పెట్టి నిరసన చేశారు. డేవిస్ మొదటి మ్యాచ్‌లో 26 పాయింట్లు, 16 రీబౌండ్లు కొట్టి, మూడో క్వార్టర్‌లో గాయంతో లోపలికి వెళ్లాడు. మార్చి 3న కైరీ మోకాలి లిగమెంట్ తెగింది.

ఏప్రన్ అంటే ఏంటో డల్లాస్ జనానికి అర్థమైంది ఆ నెలలోనే. ట్రేడ్ల వల్ల మొదటి గీత టీమ్‌కి కదలని గోడ అయింది. దానికింద మిగిలిన జాగా సుమారు 51 వేల డాలర్లు. ఎన్‌బీఏలో అది పది రోజుల కాంట్రాక్ట్‌కి కూడా చాలదు. సగం టీమ్ గాయాలతో కూర్చుంటే, రోస్టర్‌లో ఖాళీ ఉండి, బయట ఆటగాళ్లు ఉండి, ఒక్కణ్ని తెచ్చుకోలేరు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. మ్యాచ్‌కి కావాల్సిన కనీసం ఎనిమిది మంది దొరుకుతారా అని టీవీలో లెక్కలు వేశారు. 39-43తో ముగించి, ప్లే-ఇన్‌లో మెంఫిస్ చేతిలో ఓడారు. ఆ తర్వాత డ్రాఫ్ట్ వరస తేల్చే లాటరీలో 1.8 శాతం అవకాశంతో మొదటి పిక్ తగిలి, ఫ్లాగ్ వచ్చాడు. తెలివికి దొరకనిది అదృష్టానికి దొరికింది.

ఇక ట్రేడ్ వార్త చూడగానే నేను చేసే పని. వచ్చినవాడి పాయింట్ల సగటు చూడను, ఓడిపోయే టీమ్‌లో ఎవరో ఒకరు వేయాలి కదా, ఆ అంకె మోసం. ముందు పోయినవాళ్ల పేర్లు చదువుతాను, వాళ్లలో నాలుగో క్వార్టర్ చివరి ఐదు నిమిషాలు కోర్టులో ఉండేవాడు ఉన్నాడా అని. ఉంటే టీమ్ ఒక బొక్క పూడ్చి ఇంకోటి తవ్వుకున్నట్టే. తర్వాత వచ్చినవాడికి బంతి లేకుండా ఏం చేయడం వచ్చో చూస్తాను. ఆ తర్వాత కాంట్రాక్ట్. ఆరు నెలల్లో ముగిసేదైతే కోచ్‌కి అతన్ని కలుపుకోవడానికి దొరికేది నెలన్నర ప్రాక్టీస్ కూడా కాదు, ఎందుకంటే ఫిబ్రవరి తర్వాత మ్యాచ్‌లూ విమానాలే తప్ప ప్రాక్టీస్ దాదాపు ఉండదు. కాంట్రాక్ట్ రెండు మూడేళ్లు ఉంటే ఓపిక పట్టొచ్చు, కిడ్ కాంట్రాక్ట్ 2009లో ముగిసినా మళ్లీ సంతకం చేయించుకోవడమే మమ్మల్ని కాపాడింది. ఇంకో సంగతి, ఎండాకాలంలో సంతకం చేసినవాళ్లలో చాలామందిని డిసెంబర్ 15 తర్వాతే ట్రేడ్ చేయొచ్చు. అందుకే నవంబర్‌లో వచ్చే పుకార్లను చదివి నిద్ర చెడగొట్టుకోవద్దు.

2025-26 నాటి మన టీమ్‌కి ఇవి పెట్టి చూడండి. డేవిస్‌కి అప్పటికే 32 ఏళ్లు, ఆ ఏడాది జీతమే 5.4 కోట్ల డాలర్లు, కాలు ఎప్పుడు సహకరిస్తుందో తెలిసేది కాదు. కైరీ మోకాలు అప్పటికింకా కోలుకుంటూ ఉంది. ఫ్లాగ్‌కి 2025 డిసెంబర్‌లోనే 19 నిండాయి. ఒకరు దిగేటప్పటికి ఇంకొకరు ఎక్కుతారు, ముగ్గురూ ఒకే మెట్టు మీద కలవరు. పైగా పిక్స్ సంగతి చెప్తానన్నాను కదా: 2027 పిక్ షార్లెట్‌కి పోయింది, మొదటి రెండింట్లో వస్తే తప్ప. 2028లో ఓక్లహోమా సిటీకి, 2030లో శాన్ ఆంటోనియోకి మన పిక్‌ని తమదానితో మార్చుకునే హక్కు ఇచ్చేశారు. 2029ది కైరీ కోసం పోయింది. ఆ సీజన్‌లో పూర్తిగా మన చేతిలో ఉన్న సొంత పిక్ 2026ది ఒక్కటే, ఆ తర్వాత 2031 దాకా లేదు. ఇలాంటి టీమ్ ఇంకో పిక్ ఇచ్చి ఇంకో ముప్పై ఏళ్లవాణ్ని తెస్తే పదో స్థానం నుంచి ఎనిమిదికి వస్తుంది, అంతే.

నేనైతే కొనేవాణ్ని కాదు, అమ్మేవాణ్ని. డేవిస్‌కి ఎవరన్నా సరైన ధర ఇస్తే ఇచ్చేసేవాణ్ని, బదులుగా ఇరవై నాలుగు ఏళ్ల లోపు వాళ్లను, పిక్స్‌ని అడిగేవాణ్ని. గాఫర్డ్, వాషింగ్టన్‌ల విషయంలో మాత్రం మనసు ఒప్పేది కాదు, అది అభిమానం, నైపుణ్యం కాదు. 2026లో డెడ్‌లైన్ ఫిబ్రవరి 5, మన టైమ్ మధ్యాహ్నం రెండు. అలాంటి రోజున మీ ఆఫీసువాళ్లు ఎవరొచ్చారని అరుస్తుంటే మీరు 2027 నుంచి 2030 మధ్య వాడుకోవడానికి ఏదైనా పిక్ వచ్చిందా అని చూడండి. వాళ్లకి బోర్ కొడుతుంది, కొట్టనివ్వండి.

సీజన్‌లో మంగళవారమో బుధవారమో ఒక మ్యాచ్‌కి వెళ్లి రండి, వారాంతం కంటే టికెట్ చవక. ట్రైన్‌లో విక్టరీ స్టేషన్‌లో దిగితే ఎరీనా ఎదురుగానే ఉంటుంది. బయట డిర్క్ నొవిట్స్కీ ఒంటికాలి మీద వెనక్కి వాలి షాట్ వేస్తున్న విగ్రహం ఉంటుంది, ఫొటో దిగండి. లోపల బంతి ఎక్కడున్నా పట్టించుకోకుండా ఒక పది నిమిషాలు ఫ్లాగ్‌నే చూడండి, డిఫెన్స్‌లో వాడి కాళ్లు ఎలా కదులుతున్నాయో.